లాస్‌కు ఎడమ పక్క

నాటింగ్‌హామ్ లేస్ మార్కెట్‌లో
ఒకప్పుడు లేసు చుట్టలు దొర్లిన ఎర్ర ఇటుకల మేడ.
మూడో అంతస్తులో మా నిఘంటువు ఆఫీసు.
కిటికీలు అప్పటివే, నిలువెత్తువి,
తెల్లదారంలో తప్పు దొరకడానికి పెట్టినవి.
నాదీ అదే పని. దారం మారింది.

తెర నడిమిన ఒకే మాట
పాపిట తీసినట్టు కిందికి దిగుతుంది.
ఎడమన దానికి ముందొచ్చినవి, కుడిన వెనకొచ్చినవి.
పెళ్ళి బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో
గమనించే మేనత్తలా
నేను లెక్క రాసుకుంటాను.

"హెవీ" వానతో వస్తుంది, ట్రాఫిక్‌తో వస్తుంది,
సిగరెట్టు మానలేనివాడితోనూ వస్తుంది.
"ఛార్జ్" బ్యాటరీలో నిండుతుంది,
కోర్టులో మెడకు చుట్టుకుంటుంది.
"పాజిటివ్" బడిలో మెచ్చుకోలు,
ఆసుపత్రిలో పిడుగు.

మనకు మాత్రం లేవా?
కటిక చీకటి, కటిక నేల, కటిక ఉపవాసం, కటిక దరిద్రం.
కటిక వెన్నెల అని ఎవరూ అనరు.
ఎందుకనరని చిన్నప్పుడు అడిగితే
నరసాపురంలో లేసు అల్లే మా పిన్ని
సూది కదలిక ఆపకుండా "అనరంతే" అంది.
ఇక్కడ ఆ జవాబుకే
నాకు జీతమిస్తున్నారు.

సెప్టెంబరులో నా వంతుకొచ్చిన మాట "లాస్".
వ్యాపారంలో అది ప్రాఫిట్ వెనకాలే నడుస్తుంది,
ఎప్పుడూ ముందుకు రాదు.
వైద్యంలో జుట్టుకూ బరువుకూ రక్తానికీ
వినికిడికీ జ్ఞాపకానికీ అదే తోక.
ఫుట్‌బాల్లో "వరసగా నాలుగోది".
బీమావాళ్ళు దాన్ని కొలవడానికి ఏకంగా మనిషినే పెట్టుకున్నారు.
సంతాపంలో
"సారీ ఫర్ యువర్" వెనక తల వంచుకుని నిలబడుతుంది,
నాలుగు వందల పన్నెండు వాక్యాల్లో.

ఆ వారమే బెరిల్ భర్త క్లైవ్ పోయాడు.
కార్డు బల్ల నుంచి బల్లకు తిరిగింది.
పదకొండు సంతకాలు, తొమ్మిదింటి మీద అదే వాక్యం.
నా దగ్గర పెన్ను ఆగింది.
దాని లెక్క తెలిసిన చేత్తో
దాన్నెలా రాయను?
తెలుగులో వెతికాను.
"తీరని లోటు" పేపరువాళ్ళది,
పక్క పేజీలో బడ్జెట్‌కూ అదే లోటు.
నష్టం తుఫాను తర్వాత కలెక్టరు చదివేది,
ప్రాణానికింత, ఆస్తికింత.
చివరికి రాశాను:
"క్లైవ్ ఇచ్చిన చిక్కుడు గింజలు
ఇంకా నా సొరుగులోనే ఉన్నాయి."

మూడో వారం బెరిల్ వచ్చింది.
కోటు విప్పకుండానే నా వెనక నిలబడింది.
"నాది ఏ ఫైల్లో పెట్టావు?"
చూపించాను.
వేలు పైనుంచి కిందికి జరిగింది,
యువర్, యువర్, యువర్.
"మై ఒక్కటీ లేదే!"
ఉన్నాయి, పదిహేడు,
ఎక్కువ పన్ను కాగితాల్లోవి.
నేను చెప్పలేదు.

అట్టడుగున ఏ ఫైల్లోనూ ఇమడని వరసలు కొన్ని.
సారీ లేదు, ఏమీ లేదు, ఉత్త "యువర్ లాస్".
వద్దంటే పో, నీకే నష్టం, అని
మూతి తిప్పే మాట.
బెరిల్ వేలు అక్కడ ఆగింది.
ముందు భుజాలు కదిలాయి,
ఏడుపనుకున్నాను.
నవ్వు.

గూస్ ఫెయిర్‌లో ఏటా ఒకటే తగువట.
పుదీనా రసం పోసిన బఠాణీ ముద్ద
కాగితం గిన్నెలో ముందుకు చాపేవాడట.
ముప్పై ఒక్క ఏళ్ళూ ఈమె వద్దంది.
"యువర్ లాస్, మి డక్" అంటూ
ఆ చెంచా తన నోట్లోనే పెట్టుకునేవాడట.

దీన్నే శీర్షిక కింద వెయ్యమంటారని అడిగాను.
ఆవిడ కిటికీలోంచి చూస్తూ
"ఫెయిర్ ఆదివారం దాకా ఉంది కదూ" అంది.

గడి ఖాళీగా వదిలి నా కోటు అందుకున్నాను.
ట్రామ్ కిక్కిరిసి ఉంది.
ఒకే గిన్నె, రెండు చెంచాలు.
నాకూ నచ్చలేదు.
ఇద్దరం అడుగంటా తిన్నాం.