టిఫిన్ మూత వెలుగు

మామండూరు దాటి అడివిలోకి మైలు.
రాత్రి వాన ఇంకా ఆకుల్నించి దిగతానే ఉంది.
బోర్లా పడుకున్నాను, మోచేతులు బురదలో,
కెమెరాకి ఎదురుగా
చొక్కా గుండీ అంత కుక్కగొడుగు.

మొగిలీశు టిఫిన్ మూత వంచి
ఎక్కడ్నించో గుక్కెడు ఎండ పట్టి పోస్తాడు.
"ఊపిరి బిగబట్టు సామీ,
అది వణకతా ఉండాది."

తర్వాతది ఎర్రచందనం మోడు.
నరికిన చోట
ఒకదాని మీదొకటి దోసెల్లాగా
కొయ్యగొడుగులు.
మూత పట్టుకునే అన్నాడు:
"గాటు వాలు చూడు, ఎడంచేతి దెబ్బ.
మాయన్న గొడ్డలి అట్లే పడేది."

వెలుగు పక్కకి జరిగింది.
అప్పటికే నొక్కేశాను.

ఇంటికొచ్చి చూస్తే
గొడుగులన్నీ చీకట్లో.
ఎండంతా
ఆ గాటు మీదే.

చెరపలేదు.
వాడికి చూపించనూ లేదు.