దిగుడు

మొదటి రెండు నెలలు భుజాన ఇసుక మూట,
గోడకానుకుని కుర్చీ లేని కుర్చీ.
తర్వాతన్నా దుంకనిస్తుందనుకున్నాను రాజమణి మేడం.
ఇవ్వలేదు.
తెల్లారి అయిదున్నరకు, ఉస్మానియా గ్రౌండు గడ్డి మీద,
లాలాగూడలో పాత తలుపు కోయించి చేసిన
జానెడున్నర పెట్టె మీంచి
దిగడం. మళ్లీ ఎక్కడం. దిగడం.

ఆమె అటు తిరిగి నిలబడేది,
నా కాళ్లను చెవులతోనే చూసేది.
"సప్పుడొచ్చింది. మళ్ల."
"మోకాళ్లు లోపలికి పడ్డయ్. మళ్ల."
అది కూడా వినపడుతుందా!

నాకేమో ఇసుక గుంత కావాలి.
నిరుడు నాచారంలో, మా డాబా సిమెంటు మీద,
ఫోన్లో చూసిందల్లా దుంకి
నెల రోజులు మంచం పట్టింది నేనే.
ఆమె కుడి మోకాలికీ ఉంది, జెర్రిలాంటి కుట్ల మచ్చ.
రైల్వే టీములో ఎగరమన్నారంట,
దిగడం ఎవరూ చెప్పలేదంట.

నాలుగో వారం బ్యాగులోంచి గులేరు తీసింది.
లాగి, వెంటనే వదిలింది: రాయి కంచె దాటింది.
లాగి, అట్లనే పట్టుకుని,
రాత్రి ఏం తిన్నవని అడిగి,
నేను పప్పుచారని చెప్పాక వదిలింది.
ఆ రాయీ కంచె దాటింది.
నాకర్థం కాలేదు. నవ్వింది.
"గదే తేడా. రబ్బరు యాదుంచుకుంటది.
పిక్క మర్సిపోతది.
సాగినంక రెప్పపాటే దాని జ్ఞాపకం,
గా లోపల్నే లెవ్వాలె."

ఆ పొద్దు గడ్డి పెనమైంది.
పాదం తాకిందో లేదో,
అడగకముందే నేల ఇచ్చేసింది.
పైన ఉన్న ఆ కాస్త సేపట్లో
తార్నాక వైపు పోయే మొదటి బస్సు లైట్లు కనిపించాయి.

నలభై లెక్కపెట్టి
పెట్టె మీద తానే కూర్చుంది.
"ఇంకో పది, మేడం."
"నలభై ఒకటోది నువ్వు దుంకవు బిడ్డా,
నీ అలుపు దుంకుతది."
రెండు రోజులు రావద్దంది.
పెట్టెను స్కూటీ మీద కాళ్ల మధ్య ఇరికించుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులు!
పిక్కలు బిగిసి, తిడుతూ,
డాబా మీద ఆరిన బట్టలు తీసుకుని మెట్లు దిగాను.
వంటింట్లో అమ్మ ఉలిక్కిపడి గరిటె జారవిడిచింది.
"ఎప్పుడొచ్చినవే? సప్పుడే కాలే!"

మేడంకు చెప్పాలి.
ఇంకా ఒక రోజుంది.