ఆలస్యం: నలభై ఏడు రోజులు

మా భాషలో వూచ్ అంటే పడవ.
పడవ పేరు పెట్టుకున్న ఊళ్లో
నది మాత్రం కనపడదు.
నూలు మిల్లులు లేచిన కాలంలో దాన్ని
గొట్టాల్లోకి దించేసి
పైన వీధులు పరిచేశారు.
ఆ వీధుల మీద నేను ట్రామ్ నడుపుతాను.
తెల్లవారుజామున నాలుగూ పన్నెండుకి
నాది మొదటి బండి.

రెండు నిమిషాలు ఆలస్యమైతే
కంట్రోల్ రూమ్ గొంతు చించుకుంటుంది,
"బోగ్నా, ఎక్కడ చచ్చావ్?"
నా ఒంటిని మాత్రం
ఇన్నేళ్లలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.
మూడు నెలలు జాడ ఉండదు.
వచ్చిందా, పద్దెనిమిది రోజులు పోదు.

స్కాన్ తెర మీద వేలు పెట్టి
డాక్టర్ జ్మూద అంది,
"ముత్యాల పేటలా ఉంది, చూడు."
నాకు ముత్యాలు కొన్నవాళ్లు లేరు.
ఉన్నాయట, లోపలే,
తాకట్టుకైనా పనికిరానివి.
"తిత్తులు కావవి,
ఎదగబోయి మధ్యలో ఆగిపోయినవి," అంది.
అది నాకు వెంటనే అర్థమైంది.
తీగ తెగిన రోజున
కోష్చుష్కో వీధిలో వరసగా నిలబడ్డ
పదకొండు బళ్లలో
ఏడోది నాదే.

ఇప్పుడు నా భోజనం సంచీలో
చిన్నపాటి మందుల కొట్టు కాపురముంటోంది.
ఇనాసిటాల్ పొడి, పొద్దునొక పొట్లం, సాయంత్రమొకటి.
నీళ్లలో కలిపితే
పంచదార వేశామని అబద్ధమాడినంత తీపి.
అందులోనే, కంటికి ఆననంత ఫోలిక్ యాసిడ్.
డి విటమిన్, ఎందుకంటే
నవంబరులో ఇక్కడ సూర్యుడు కూడా
జీతం లేని సెలవు పెడతాడు.
పుదీనా టీ హల్ష్కా ఇచ్చింది,
గడ్డం వెంట్రుకలకి మంచిదని ఎవరో అన్నారట.
తాగుతున్నాను.
ట్వీజరు కూడా దాచుకున్నాను.
చివరి స్టాపులో పక్క అద్దం నాది.
నా వెనక కూర్చునే నూట ఇరవై మందికీ
ఆ అద్దంలో రోడ్డే కనిపిస్తుందని నమ్మకం.

చేప నూనె మాత్రం బామ్మ బాకీ.
చిన్నప్పుడు నా ముక్కు మూసి
చెంచాడు పోసి
వెంటనే ఉప్పద్దిన రొట్టె ముక్క నోట్లో కుక్కేది.
బామ్మ మూడు షిఫ్టుల నేతగత్తె.
ఎండాకాలం కూడా గడ్డం కిందికి
రుమాలు కట్టుకునేది.
పెళ్లయిన పదకొండేళ్లకి మా అమ్మ.
ఎందుకని ఎవరూ అడగలేదు,
అడిగినా చెప్పడానికి పేరు లేదు.
నాకు పేరు ఉంది. నాలుగక్షరాలు.
అందులో బామ్మకి వాటా రాసిస్తున్నాను.

మందుల కొట్టు పాన్ ఎడ్మండ్
కళ్లద్దాల పైనుంచి చూసి అన్నాడు,
"ఆ గులాబీ డబ్బా పెట్టేయ్.
మీద నవ్వే పిల్లకి ఇచ్చే డబ్బు అది.
కింది అరలో ఉంది చూడు, అదే పొడి, మూడో వంతు ధర."
డాక్టరు ఇంకా సూటి మనిషి,
"పని చేయొచ్చు, చేయకపోనూ వచ్చు.
నేను ఒట్టు వేయను.
అసలు మందు మాత్రం మానకు."
ఒట్టు వేయని మనిషిని
నమ్మడం ఎంత సుఖమో
అప్పుడే తెలిసింది.

మార్చిలో, ఒక మంగళవారం,
హోయ్నీ మలుపు దగ్గర బండి తిప్పుతుంటే
పొత్తికడుపులో ఎవరో
బ్రేకు మెల్లగా వదిలినట్టు.
పొడి వల్లా?
శీతాకాలమంతా రెండు స్టాపుల ముందే దిగి
ఇంటికి నడిచినందుకా?
ఉత్త కాకతాళీయమా?
ఏమో.
చలిగా ఉంది. నవ్వొచ్చింది.
చక్రాల కింద, రాళ్ల కింద,
చీకట్లో ఆ నది ఇంకా పారుతూనే ఉంటుంది కదా
అనిపించింది ఒక్క క్షణం.

లాగ్ పుస్తకం మార్జిన్‌లో
పెన్సిల్‌తో రాశాను,
ఆలస్యం: నలభై ఏడు రోజులు.
కారణం: తెలియదు.
మళ్లీ రబ్బరుతో చెరిపేశాను,
ఇన్‌స్పెక్టర్‌కి హాస్యం తక్కువ.

వెనక బండి దిగి వచ్చి
హల్ష్కా కిటికీ తట్టింది,
"నాలుగు నిమిషాలు లేటు! ఏం చేస్తున్నావక్కడ?"

"ప్యాడ్ ఉందా?" అన్నాను.