ఖాళీ చేసిన గదుల బొంత

గది ఖాళీ చేసే పిల్ల
బకెట్టు పట్టుకెళ్తుంది, ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకెళ్తుంది,
గోడకి కొట్టిన కొక్కెం కూడా పీక్కుపోతుంది.
బట్టలే మరిచిపోతుంది.

మారతహళ్ళిలో పదకొండేళ్ళుగా లేడీస్ పీజీ నడుపుతున్నాను.
మంచాల కింద నుంచి ఏమేం లాగానో నాకే తెలుసు:
మోకాళ్ళ దగ్గర వెలిసిన లెగ్గింగులు,
జత పోయిన మేజోళ్ళు,
ఇంటర్వ్యూకని కొన్న తెల్ల కుర్తా,
దాని మెడ చుట్టూ పౌడరు గీత.

చెత్త ఆటో పాట పాడుకుంటూ వస్తుంది.
"బట్టలొద్దక్కా" అంటాడు వాడు, పాట ఆపకుండానే.
స్టీలు గిన్నెలామె మూట తడిమి
మొత్తానికీ ఒక టీ వడపోత ఇస్తానంది.
నాకు రోషం వచ్చింది.

అప్పుడు దొరికింది హులిగెమ్మ.
పక్కన లేస్తున్న అపార్ట్‌మెంటుకి ఇటుకలు మోయడానికి
బళ్ళారి వైపు నుంచి వచ్చిన మనిషి.
నేను బొంత అంటాను, ఆమె కౌది అంటుంది,
సూది ఒకటే.

ఆదివారాలు మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో
ఒక్కో గుడ్డనీ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేది,
బియ్యం కొనేవాళ్ళు గింజని చూసినట్టు.
"ఇది నూలు. ఇది సగం నూలు.
ఇది గుడ్డ కాదమ్మా, కవరు."
లెగ్గింగులన్నీ కవర్లయ్యాయి.
వాటిని జడలల్లి కాళ్ళు తుడుచుకునే పట్టాలు చేసింది.
"ఇవి చావవు, తొక్కినంతకాలం తొక్కండి."

మరీ చిరిగినవి బొంత లోపలికి.
"పైది చూసేవాళ్ళకి, లోపలిది చలికి."
అంచు దగ్గర మొదలైన కుట్టు
చుట్టూ తిరిగి తిరిగి నడిమికి చేరేది,
చక్కెర డబ్బా జాడ తెలిసిన చీమలబారులా.
ఆఖరి మూల మూసే ముందు
నా వంటింట్లోంచి గుప్పెడు బియ్యం అడిగి లోపల పోసింది.
"ఖాళీ కడుపుతో దేన్నీ పంపకూడదు."
రెండు పూటలా నలభైమందికి వండే నాకు
ఆమె చెప్పింది ఆ మాట.

ఆ డిసెంబరులో మూడొందల రెండులో
ఎవరి ఇంటర్వ్యూ కుర్తానో ఎవరి గుండెల మీదో.
"ఎవరెవరివో బట్టలు, నాకొద్దాంటీ" అన్న పిల్ల
జనవరికల్లా అడిగి తీసుకుంది.

మొన్న వానలప్పుడు ప్రసూన వచ్చింది,
రెండేళ్ళ కిందట ఖాళీ చేసిన పిల్ల.
"నా పచ్చ చున్నీ ఉండిపోయిందా ఆంటీ?
మంగళగిరిది, మొదటి జీతంతో కొన్నది."
"ఉంది" అన్నాను.
అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.
విషయం చెప్పాను.
కత్తెర అడిగింది. ఇచ్చాను.

పైకెళ్ళి తలుపు తోస్తే
పట్టపగలు, తెర వేసిన గది,
నంద్యాల పిల్ల నైట్ షిఫ్టు నిద్రలో ఉంది.
బొంత నడిమధ్యన నాలుగు పచ్చ ముక్కలు
ఆమె ఊపిరితో లేస్తున్నాయి, దిగుతున్నాయి.

ప్రసూన గుమ్మంలోనే నిలబడింది.
ఎంతసేపో నేను చూళ్ళేదు, కింద కుక్కరు కూతేసింది.

దిగొచ్చి కత్తెర గట్టు మీద పెట్టింది.
"కుట్టు ఎక్కడ మొదలైందో కనపళ్ళేదాంటీ" అంది.
ఉప్మా పెట్టాను, తిని వెళ్ళింది.

స్కూటీ మీద ముఖానికి కట్టుకునే గుడ్డ
కుర్చీ మీదే మరిచిపోయింది.
రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను.
సగం నూలు.