ఎనిమిదో పాటలో కంప్రెసర్

సల్మాబాద్‌ల టైర్ల దుకాణం మీద గది.
గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి పరుపు.
ఆగస్టు నెల. రెండు టన్నుల పాత ఏసీ,
దానికంటే వయసుల చిన్నోళ్లు నలుగురు.

"భాయ్, ఇది మూల్గుతున్నది" అన్నరు.
బేరింగు అరిగింది, కొత్తది దమ్మాం నుంచి రావాలె,
పది రోజులన్న.
గది కిరాయి నెలాఖరు దాకనే ఉన్నది,
ఆల్బం ఆలోపలనే అయిపోవాలె.
అట్ల కుదిరింది నా డ్యూటీ:
జవాద్ వేలెత్తితే ఏసీ బందు,
దించితే చాలూ.
సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి చెప్పిన,
గ్యాసు లీకు సార్, ఎక్కడనో దొరుకుతలేదని.
నాలుగు రోజులు దొరకలే.

మెటల్ అంటరట వాళ్ల పాటను.
మెటల్ నాకు తెల్వనిదా?
రాగి పైపు వేడి మీద వంగుతుంటే చేసే సన్న రాగం ఎరుక,
పొద్దుగూకినంక రేకులు చల్లబడి
టప్పుమనుడు ఎరుక.
ఇది గుర్రాలు.
ఇనుప నాడాల గుర్రాలు వందలకు వందలు
ఒక్క రోడెల్ పాదాల కింద.
(పగలు వాడు జుఫైర్ హోటల్‌ల గిన్నెలు కడుగుతడు.)
వాటి మీద జంట గిటార్లు,
ఒకదాని రెక్క కింద ఒకటి దూరి ఎగిరే పావురాలు.
అన్నిటి మీద జవాద్ గొంతు,
బ్యాంకుల టోకెన్ నంబర్లు పిలిచే గొంతు,
ఎక్కి ఎక్కి, మెట్లు అయిపోయిన కాడ
ఇంకో మెట్టు తనే ఏసుకొని ఎక్కుతది.

ఇంగ్లీషుల నాకు అందినయి రెండే, కింగు, ఫైరు.
నీళ్ల సీసా ఇచ్చుకుంట అడిగిన, ఏం కథ?
జవాద్ వచ్చీరాని హిందీల చెప్పిండు:
యుద్ధం ఓడిన రాజు. కోట పోయింది, కత్తి విరిగింది.
మంచుకొండలు దాటుకుంట ఇంటికి తొవ్వ వెతుకుతున్నడు.
ఎనిమిది పాటలూ అదే నడక.
"పాస్‌పోర్టు ఎవరి తాన ఉన్నది?" అన్న.
ముగ్గురు నవ్విండ్రు.
కీబోర్డు కాడ జిన్సి నవ్వలే.

ఏసీ బందైన నాలుగు నిమిషాలకు గది కుంపటి.
తీగలకు తుప్పు పడతదని ఎవరిస్టో
పాట పాటకు లుంగీగుడ్డతోని తుడుస్తడు.
ఐదో నిమిషంల
రాజు మోకాళ్ల లోతు మంచుల నడుస్తుండె.
నేను బ్రేకర్ కాడ కూసోని
నా వేలు స్విచ్చు మీద పెట్టి
వాని వేలు చూస్తుంటి.

పాటలు వరుసగ రాలే.
ఆరోది మొదలు, ఒకటోది మూడోనాడు.
రాజు చెల్లెను కలుసుకున్నంక ఓడిపోయిండు,
సచ్చిన గుర్రం మల్ల లేచి గడ్డి మేసింది.
నాకైతే అట్లనే మంచిగనిపించింది.

ఆఖరి దినం. ఎనిమిదోది.
గిటార్లు ఆగినయి, గుర్రాలు ఆగినయి,
జిన్సి ఒక్కతే ఒక స్వరం పట్టుకొని కూసున్నది, వదుల్తలేదు.
జవాద్ వేలు ఇంకా మీదనే.
నా కండ్లల్ల చెమట పడ్డది.
చెమటనే.
మసక మసకల వేలు దిగిందనుకున్న.
గదంత బేరింగు మూల్గుడు.

నలుగురూ నా దిక్కు చూసిండ్రు.
ఎవరిస్టో హెడ్‌ఫోన్ తియ్యలే, మల్ల విన్నడు, ఇంకోసారి విన్నడు.
"అదే శ్రుతి" అన్నడు. "వెంట్రుకంత కింద. ఉండనీ."

అక్టోబర్‌ల పంపిండ్రు ఫోన్‌కు.
క్యాంపుల, పై మంచం మీద,
ఒక చెవి నాకు, ఒక చెవి లింబాద్రికి.
"ఏం లొల్లిరా నాయనా" అని వాడు
రెండో పాటకే గోడ దిక్కు తిరిగిండు.
నేను యాభై ఒకటో నిమిషం దాక ఆగిన.
రాజు తన వాకిట్ల నిలవడ్డడు.
తలుపు తెరిచినట్టు లేదు, కొట్టినట్టు లేదు.
ఊఁ... అని మూల్గుతున్నది.
విన్నోళ్లందరు దాన్ని మంచుకొండల గాలి అంటున్నరట.

దమ్మాం నుంచి బేరింగు సెప్టెంబర్‌ల వచ్చింది, నేనే ఏసిన.
ఇప్పుడా గదిల ఎవరో కర్టెన్లు కుడుతున్నరు.
ఏసీ సప్పుడే లేదు.
పాతది నా పానాల సంచిల ఉన్నది,
వేలితోని తిప్పితే
ఇంకా అదే శ్రుతి,
వెంట్రుకంత కింద.