పనిలేని ఫోను

శుక్రవారం మా షట్టరు సగమే లేపుతాను.
వంగి దూరి, లైటు వేయకుండా కూర్చుంటాను.
షువైఖ్ అంతా నిద్రపోతా ఉంటుంది,
ఎదురు గ్యారేజీ పిల్లి తప్ప.

బల్ల మీద ఖర్జూరాల రేకుడబ్బా.
ఖర్జూరాలు అయిపోయి తొమ్మిదేండ్లు.
ఇప్పుడన్నీ కార్డులు,
గ్రీజు వేలిముద్రలవి, మూలలు మడిగినవి,
ఒకటి చాయలో తడిసి ఉబ్బింది.
ముందర అరబీ, ఇంగ్లీషు.
వెనక నా రాత:
"కంప్రెసర్లు. మెత్తని మాట. మోకాలినొప్పి."
"డక్టు రేకు. అప్పిస్తాడు, అడగడు. మనమే గుర్తు పెట్టుకోవాల."
"ఫోన్లో అరుస్తాడు. కోపం కాదు, చెవుడు."

బోర్డు మీద ఉండేది కఫీల్ పేరు.
నా పేరు ఉండేది
ఇట్లాంటి వేరేవాళ్ళ డబ్బాల్లో.

కుంజప్పన్ నేర్పినాడు నాకీ పని.
భుజాన సిలిండరుతో ఆరంతస్తులెక్కే రోజుల్లో
పైపు అతుకు మీద సబ్బునురగ పూస్తా అన్నాడు:
గ్యాసు కారేటప్పుడు వాసన రాదురా, చప్పుడు కాదు.
చల్లదనం పోయినాక తెలిసి ఏం లాభం?
బాగున్నప్పుడే పూసి చూడాల.
మనుషులకూ అంతే.
వారానికొక రోజు, పని లేకుండా ఫోను చెయ్.

మొదటిసారి అబూ హానీకి చేసినా.
"ఏం లేదు, ఊరికే" అన్నా.
"ఎంత కావాల?" అన్నాడు ఆయప్ప.
రెండోసారీ అదే అడిగినాడు.
మూడో శుక్రవారం
కూతురికి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చినాయో చెప్పినాడు.
నాలుగేండ్ల తర్వాత, ఆగస్టులో, రాత్రి రెండింటికి
చేపల గోదాము చిల్లరు నిలిచిపోతే
లుంగీ మీదనే వచ్చి స్టోరు తీసినాడు.
మోటారు నా చేతిలో పెట్టి, ఆవలించి,
"పాప ఇంజినీరింగులో చేరింది" అన్నాడు.
ధర చెప్పడం మరిచిపోయినాడు.
నేను అడగడం మరవలేదు.

అన్నీ ఇట్లాంటివే అనుకోవద్దు.
కొందరు నా నంబరు చూసి ఎత్తరు.
కొందరికి చేయాలంటే నాకే బద్ధకం,
పేరు తగలగానే కార్డు కిందికి తోసేస్తాను.

అకామా క్యాన్సిల్ చేసుకొని మనిషి పోతే
ఈడ ఆ నంబరు ఇంగొకరికి ఇస్తారు.
కుంజప్పన్ చెప్పకుండా పోయినాడు.
అలవాటు కొద్దీ కొడితే
ఎవరో ఆడమనిషి ఎత్తింది.
రాంగ్ నంబరు, సారీ, పెట్టేయబోతా ఉంటే
ఆమె వెనకాల ఎక్కడో
టక్. ఆగి, టక్. మళ్ళా టక్.
"మేడమ్, మీ ఫ్రీజరు రిలే పోయింది" అన్నా.
అట్లటు చానాసేపు మాట లేదు.

సాల్మియాలో ఆమెది రొట్టెల దుకాణం, పేరు రోసెల్.
రిలే దీనారున్నర. మజూరీ తీసుకోలేదు,
వేడి రొట్టెలు ఆరు కట్టిచ్చింది.
కుంజప్పన్ కార్డు వెనకే రాసుకున్నా ఆమె పేరు.
ఆయన పేరు కొట్టేయలేదు.
ఆయన ఊరి నంబరు అడిగినా, ఎవరి దగ్గరా లేదు.
ఇంతమందిని కలిపినోడిని
నేను పోగొట్టుకున్నా.

డబ్బా అడుగున ఇంగొక కార్డుంది.
రాయచోటి ఖాజాపీర్. అదే పని, అదే బజారు.
ఒక గది, రెండు మంచాలు, ఒకటే రైస్ కుక్కరు మాకు.
వాని స్కూలు కాంట్రాక్టు
యూనిటుకు రెండు దీనార్లు తగ్గించి నేను పట్టుకున్నా.
ఆ దుడ్లతో ఏం కొన్నానో గుర్తు లేదు.
నంబరు మాత్రం కార్డు చూడకుండా చెప్తాను.

ఈ వారం ఆ కార్డు పైకి తీసినా.
పొద్దున్నించి బల్ల మీదనే ఉంది.
పిల్లి రెండుసార్లు వచ్చి పోయింది.

ఊరికే చేసినా అని
వీనికి మాత్రం చెప్పలేను.
రింగు పోతా ఉంది.
ఎత్తేది వాడో, వాని నంబరు కొన్న ఇంగెవరో.