చివరి బండి

మా గుంపులో అందరికన్నా వెనక నడిచేది నేను.
ముందెళ్ళే ఇంద్రాణి గారికి రోడ్డు కనిపిస్తుంది,
నాకు పదమూడు ఎర్రదీపాలు.

ఆదివారం ఇంకా తెల్లారకుండానే
ఒంగోలులో కర్నూలు రోడ్డు వంతెన కింద
ఒక్కో బండీ వచ్చి గొంతు సవరించుకుంటుంది.
పళ్ళ డాక్టరు ఇంద్రాణి గారు,
కాలిన మోటార్లకు తీగ చుట్టే సుభానీ,
చిట్టీల దావీదు,
పెళ్ళయిన మూడో వారానికే తప్పించుకొచ్చిన మాల్యాద్రి.
వారమంతా పొగాకు బేళ్ళ మీద నంబర్లు రాసిన నా వేళ్ళు
క్లచ్చి మీద ఒళ్ళు విరుచుకుంటాయి.

హెల్మెట్ పెట్టాక మాటలన్నీ చేతివీ, కాలివీ.
ఎడమ కాలు చాపితే గుంత.
చెయ్యి పైకెత్తితే ఆగు.
తొడ మీద రెండు దెబ్బలు కొడితే
టీ.
నాకు మాత్రం ఏ సైగా చేసే పని లేదు,
నా వెనక ఎవరుంటారు?

చీమకుర్తి దగ్గర
కొండ కడుపులో నలుపును కోసి మోసుకుపోయే లారీలు.
ఆ తెల్ల దుమ్ములో దీపాలు
మునిగి, తేలి, మునిగి...
తొమ్మిది, పది, మాల్యాద్రి ఏడీ,
ఆ, అదుగో, పదమూడు.
గంప మూసే ముందు మా అమ్మమ్మ
కోడిపిల్లల్ని ఇట్టానే లెక్కపెట్టేది.

పొదిలి దాటాక వచ్చాడతను.
ఎక్సెల్ బండి. తలకు తువ్వాలు.
వెనక చెరోవైపు
ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాన్లు.
మట్టిరోడ్డులోంచి తేలి
ఏడో బండికీ ఎనిమిదో బండికీ మధ్య
పెళ్ళి బంతిలో ఆకు ముందు కూర్చున్నంత నిదానంగా
సర్దుకున్నాడు.

పెద్ద బండ్లన్నీ గొణుక్కుంటూ రెండో గేరుకి దిగాయి.
మా క్లబ్బుకి ఉన్నది ఒకటే కట్టుబాటు:
అందరికన్నా నిదానమైన బండే అందరి వేగం.
అది రాసుకున్న రోజున
ఇట్టాంటి బండొకటి వస్తుందని ఎవరనుకున్నారు?

ఎడమ కాలు చాపాడు.
గుంత.
మళ్ళీ చాపాడు, గుంత కనపడకముందే.
కనిగిరి రోడ్డు గుంతలన్నీ
అతనికి ఇంటిపేర్లతో సహా తెలుసు.
అద్దంలో ఇది చూసిన ఇంద్రాణి గారు
పక్కకి జరిగి, అతన్ని ముందుకు పోనిచ్చి,
వెనకే నడిచారు.
కంది చేల మధ్య ఎనిమిది కిలోమీటర్లు
నీళ్ళ క్యాన్లే మాకు దారి చూపాయి.

తర్వాత ఆమె పక్కకొచ్చి తొడ మీద రెండు దెబ్బలు కొట్టారు.
"ఏందబ్బా, ఆడమనిషి తొడ కొడతా ఉండాది!"
అతనూ ఆగిపోయాడు.
టీ గ్లాసు అందుకుని నవ్వితే
పంటి మీద పంటి మీద
గోధుమరంగు చారలు.
ఇంద్రాణి గారి చూపు అక్కడే ఆగింది.
"ఏంది డాక్టరమ్మా, మా ఊళ్ళో అందరియ్యీ ఇంతే.
బోరు నీళ్ళు."
తర్వాత అడిగాడు, "యాడికి ఇంతమంది?"
"భైరవకోన," అన్నాడు మాల్యాద్రి, "జలపాతం చూడ్డానికి."
"నీళ్ళు చూసేదానికా!"
క్యాన్ల వైపొకసారి తిరిగి
కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు.
మేమూ నవ్వాం, కొంచెం ఆలస్యంగా.

టీ డబ్బులు అతనే ఇచ్చాడు. పద్నాలుగు మందివీ.

ఊరి మలుపు దగ్గర చెయ్యి పైకెత్తాడు.
పద్నాలుగు బండ్లూ టక్కున ఆగిపోయాయి.
అతను
వెళ్ళొస్తానన్నాడంతే.

భైరవకోనలో నీళ్ళు సన్నగా, దారంలా పడుతున్నాయి.
ఎవరూ ఎక్కువసేపు ఫొటోలు దిగలేదు.
సుభానీ దోసిలి పట్టి తాగాడు,
తాగి ఇంకోసారి పట్టాడు.

తిరుగుదారిలో చీకటి పడింది.
ముందు పదమూడు దీపాలు, సరిపోయాయి.
ఆ మలుపు దాటాక గుంత వచ్చింది,
ఎడమ కాలు చాపాను.
వెనక ఎవరూ లేరు.